కృతజ్ఞత నోట్‌బుక్ మధ్యలో ఆగిపోకుండా రాయడం ఎలా? మొదటి రాత్రి నుంచి నెలాఖరు దాకా

రోజులో జరిగిన మంచిని, అది ఎవరి వల్ల జరిగిందో రాసుకునే పుస్తకమే కృతజ్ఞత నోట్‌బుక్. "మొదలుపెట్టాను, వారానికే ఆగిపోయింది" అని కొందరు రాస్తున్నారు. "రోజూ అమ్మ, నాన్న, ఆరోగ్యం అనే వస్తోంది, ఇంకేం రాయాలి?" అని ఇంకొందరు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు మొత్తం వరసగా ఇక్కడ పెడుతున్నాను.

నా మొదటి డైరీ సంగతి ముందే చెప్పేస్తాను. కొత్త సంవత్సరానికి ఎవరో ఏజెంటు ఇచ్చిన లావుపాటి డైరీ అది. జనవరి 1 నుంచి 9 దాకా కృతజ్ఞతలు, 10 నుంచి పాల లెక్క. నాకు పట్టుదల లేదనుకున్నాను. అసలు లోపం నేను రాసిన తీరులో ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

కావాల్సినవి రెండే. పిల్లలు బడికి తీసుకెళ్ళే రూళ్ళ నోట్‌బుక్ ఒకటి, దానికి దారంతో కట్టిన పెన్ను ఒకటి. తేదీలు అచ్చువేసిన డైరీ వద్దు. ఒక్క రోజు తప్పితే ఆ ఖాళీ పేజీ మిమ్మల్ని వెక్కిరిస్తుంది. రెండో ఖాళీ పేజీ వచ్చేసరికి డైరీ అటకెక్కుతుంది.

ఫోన్‌లో రాయొచ్చా అని అడుగుతారు. రాయొచ్చు. కానీ రాత్రి పూట ఫోన్ తీసి, మూడు వాక్యాలు రాసి, వెంటనే పక్కన పెట్టేసే మనిషి నాకింకా తారసపడలేదు. చూపు తగ్గినవాళ్ళు, చేతి నొప్పి ఉన్నవాళ్ళు వాయిస్ రికార్డ్ చేసుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

నోట్‌బుక్ తెరవగానే రెండు పేజీలు కనిపిస్తాయి. ఎడమ పేజీ రేపటి పనులకి, మనసులో నలుగుతున్న చికాకులకి. కుడి పేజీ ఈరోజు జరిగిన మంచికి. ఇలా విడదీయడం వల్ల ఉపయోగం 3, 4 మెట్లలో తెలుస్తుంది.

ఇక వేళ. "రాత్రి 10 గంటలకి రాస్తాను" అని పెట్టుకోకండి. ఒక రోజు పెళ్ళి ఉంటుంది, ఒక రోజు ప్రయాణం, ఇంకో రోజు చుట్టాలు. గడియారానికి కాకుండా, రోజూ ఎలాగూ చేసే పనికి దీన్ని ముడిపెట్టండి. నేను పాలు తోడేశాక రాస్తాను. ఎంత అలసిపోయినా మర్నాటికి పెరుగు కావాలి కాబట్టి ఆ పని తప్పదు. దాని వెనకే ఇదీ తప్పదు. వీధి తలుపు గడియ పెట్టాక, రాత్రి మాత్ర వేసుకున్నాక, నైట్ షిఫ్ట్ వాళ్ళయితే ఇంటికొచ్చి స్నానం చేశాక, ఏదైనా సరే. రోజూ జరిగే పని అయితే చాలు.

ఆ నిర్ణయాన్ని మొదటి పేజీ మీద ఒక్క వాక్యంగా రాయండి: "పాలు తోడేసిన వెంటనే వంటింటి గట్టు దగ్గర నిలబడి నోట్‌బుక్ తెరుస్తాను." ఊరికే "రోజూ రాయాలి" అనుకోవడం కన్నా "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని రాసుకుంటే పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు.

మొదటి రాత్రికి ముందు చూసుకోండి:
☐ నోట్‌బుక్, పెన్ను రాసే చోటే ఉన్నాయి, అల్మరాలో లేవు
☐ ఏ పని వెనక రాస్తారో మొదటి పేజీలో రాసి ఉంది
☐ ఇది ఎవరూ తెరిచి చదవకూడదని ఇంట్లో ఒక మాట చెప్పారు
☐ పెన్ను రాస్తోంది (నవ్వకండి, నా రెండో ప్రయత్నం అక్కడే ఆగింది)

2. మొదటి రెండు వారాలు: మూడు విషయాలు, ప్రతిదానికీ ఒక "ఎందుకు"

మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్మన్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన ఒక ప్రయోగంలో పాల్గొన్నవాళ్ళకి ఇచ్చిన పని చాలా చిన్నది. వారం పాటు ప్రతి రాత్రీ, ఆ రోజు బాగా జరిగిన మూడు విషయాలు రాయాలి. ఒక్కొక్కటీ ఎందుకు జరిగిందో కూడా రాయాలి. ఆరు నెలల తర్వాత చూసినా వాళ్ళలో సంతోషం పెరిగి, డిప్రెషన్ లక్షణాలు తగ్గి ఉన్నాయి. గడువు అయిపోయాక కూడా సొంతంగా కొనసాగించినవాళ్ళకి లాభం ఎక్కువ.

ఆ పద్ధతి చేతులు మారి మన దాకా వచ్చేసరికి "మూడు" మిగిలింది, "ఎందుకు" రాలిపోయింది. చాలామంది డైరీలు అక్కడే చప్పబడుతున్నాయి.

ఒక్కో విషయం రాసేటప్పుడు ఈ వరస పాటించండి:
• ఏం జరిగింది? (ఎక్కడ, ఎప్పుడు, కంటికి కనిపించేట్టు)
• ఎవరి వల్ల, లేదా దేని వల్ల?
• దానివల్ల నాకేం ఒరిగింది?

పెద్ద మాటలు రాస్తే మూడో రోజుకే అయిపోతాయి. చిన్న సంగతులు ఎంత రాసినా తరగవు. తేడా చూడండి.

"మంచి కుటుంబం ఉన్నందుకు" అని కాకుండా: "ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే, అత్తయ్య నాకు రెండు చపాతీలు హాట్‌ప్యాక్‌లో విడిగా పెట్టి ఉంచారు. చల్లారితే నేను తిననని ఆవిడకి గుర్తుంది."

"ఉద్యోగం ఉన్నందుకు" అని కాకుండా: "మీటింగ్‌లో నేను తడబడితే పక్క సీటాయన అందుకుని ఆ లెక్క చెప్పాడు. పొద్దున ఇద్దరం కలిసి ఒకసారి చూసుకున్నాం కాబట్టి అందుకోగలిగాడు."

"ఆరోగ్యం ఇచ్చినందుకు" అని కాకుండా: "ఈరోజు మెట్లెక్కుతుంటే మోకాలు పట్టేయలేదు. రాత్రి బద్ధకించకుండా కాపడం పెట్టుకున్నాను."

ఆఖరి దాంట్లో సాయం చేసింది ఎవరో కాదు, రాసిన మనిషే. అదీ రాయొచ్చు. ముఖ్యంగా ఇంటి పని చేసే ఆడవాళ్ళు అందరి పేర్లూ రాసి తమ పేరు మర్చిపోతారు.

"అంతా దేవుడి దయ" అని రాసేవాళ్ళతో నాకు తగాదా లేదు. కాకపోతే ఆ మాట దగ్గర వాక్యం ఆగిపోతుంది, ఇంకేం తోచదు. దేవుడు ఆ పని ఎవరి చేత చేయించాడో కూడా ఒక ముక్క రాయండి. వానలో పరిగెత్తుతుంటే చూసి బస్సు ఆపించిన కండక్టరమ్మ అప్పుడు పేజీ మీదికి వస్తుంది.

ఐదు నిమిషాలకి మించి కూర్చోవద్దు. మూడు దొరక్కపోతే ఒకటే రాయండి. "కాఫీ, వాన, నిద్ర" అని మూడు ముక్కలు గిలికే కన్నా, వివరంగా రాసిన ఒక్కటి నయం.

3. ఏమీ తోచని రోజు

ఇలాంటి రోజు తప్పక వస్తుంది. అప్పుడు కుడి పేజీ దగ్గర పెన్ను పట్టుకుని మనసుతో కుస్తీ పట్టకండి. ముందు ఎడమ పేజీకి వెళ్ళండి.

అక్కడ చికాకులు దాచకుండా రాసేయండి. మేనేజర్ అందరి ముందు అన్న మాట, పక్కింటి వాళ్ళ బండి పార్కింగ్, ఏదైనా. ఆ తర్వాత రేపటి పనులు రాయండి. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 57 మంది యువతీయువకుల మీద చేసిన ప్రయోగంలో, పడుకునే ముందు ఐదు నిమిషాలు రాబోయే పనుల జాబితా రాసినవాళ్ళు, అయిపోయిన పనులు రాసినవాళ్ళకన్నా సగటున 9 నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు. జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా. కాబట్టి "గ్యాస్" అని వదిలేయకుండా "టిఫిన్ అయ్యాక గ్యాస్ బుక్ చేయాలి" అని రాయండి.

బరువు ఎడమ వైపు దించాక కుడి పేజీకి రండి. ఈ ప్రశ్నల్లో ఏదో ఒకటి పట్టుకోండి:
• ఈరోజు నా పని ఎవరు కాస్త తేలిక చేశారు?
• జరగాల్సిన ఇబ్బంది ఏదైనా జరగకుండా పోయిందా? (కరెంటు పది నిమిషాల్లో వచ్చేయడం కూడా లెక్కే)
• ఈరోజు తిన్నదాంట్లో, విన్నదాంట్లో ఏది నన్ను కాసేపు ఆపింది?
• నేను ఎవరికి పనికొచ్చాను?

అయినా తోచకపోతే వారానికి ఒకసారి వాడుకోవడానికి ఇంకో దారి ఉంది. జీవితంలో జరిగిన ఒక మంచిని తీసుకుని, "ఇది అసలు జరగకుండా ఉండి ఉంటే?" అని రాయండి. హాస్టల్‌లో నాకు ఆ గది కాకుండా పక్క గది వచ్చి ఉంటే ఆ స్నేహితురాలు పరిచయమే అయ్యేది కాదు. ఆవిడ లేకపోతే ఆ ఉద్యోగ ప్రకటన నా కంట పడేది కాదు. ఇలా ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్ళాలి. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో, మంచి ఎలా జరిగిందో తలుచుకున్నవాళ్ళకన్నా అది జరగకపోయి ఉంటే ఎలా ఉండేదో రాసినవాళ్ళ మనసే ఎక్కువ తేలికపడింది. ఈమధ్యే ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం దీని జోలికి వెళ్ళొద్దు.

ఇంట్లో చావు, హాస్పిటల్ పరుగులు, పెద్ద గొడవ ఉన్న రాత్రుల్లో మంచి వెతకనక్కర్లేదు. కుడి పేజీ మీద తేదీ వేసి వదిలేయండి.

4. రెండు వారాల తర్వాత తగ్గించండి

ఇది విని ఆశ్చర్యపోతారు. మనస్తత్వ శాస్త్రవేత్త సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాల పాటు కొందరిచేత వారానికి ఒకసారి, ఇంకొందరిచేత వారానికి మూడుసార్లు కృతజ్ఞత జాబితా రాయించింది. సంతోషం పెరిగింది వారానికి ఒకసారి రాసినవాళ్ళలోనే. పూలకొట్టులో కూర్చునే మనిషికి మల్లెల వాసన తెలియదు కదా, ఇదీ అలాంటిదే.

మరి అలవాటు కావాలంటే రోజూ చేయాలి కదా? లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని గమనిస్తే, ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టేట్టు తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. 21 రోజుల్లో అయిపోతుందన్న మాట నమ్మి, 22వ రోజున నిరుత్సాహపడొద్దు.

ఈ చిక్కుముడికి నేను చేసిన సర్దుబాటు ఇది. నోట్‌బుక్ రోజూ తెరుస్తాను, కానీ రోజూ రాసేది ఎడమ పేజీ మాత్రమే. కుడి పేజీ బుధవారం, ఆదివారం. అలవాటు చెడదు, మంచి రాయడం మొక్కుబడి కాదు. రోజూ రాస్తున్నా విసుగు రాకపోతే రోజూ రాయండి. విసుగు వచ్చిందా లేదా అన్నదానికి గుర్తు ఒకటుంది: మీరు రాసింది చూస్తే అది ఏ రోజుదో చెప్పలేకపోవడం.

5. నోటితో చెప్పడం

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే. నా అనుభవంలో అన్నిటికన్నా పనిచేసేదీ ఇదే.

మన భాషలో ఒక ఇబ్బంది ఉంది. "ధన్యవాదాలు" అంటే మైకు ముందు నిలబడ్డట్టు ఉంటుంది. అమ్మకి "థాంక్స్" అంటే "ఒంట్లో బాగా లేదా?" అని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. అత్తగారైతే "మనలో మనకి థాంక్సేంటమ్మా, పరాయివాళ్ళమా" అని నొచ్చుకున్నా నొచ్చుకోవచ్చు. కాబట్టి ఆ మాటే వదిలేయండి. కుడి పేజీలో రాసిన వాక్యాన్నే మనిషికి చెప్పండి: ఏం చేశారు, నాకేం ఒరిగింది.

అమ్మకి: "నువ్వు పంపిన కందిపొడే వారమంతా ఆదుకుందమ్మా. వండే ఓపిక లేని రోజున అన్నం పెట్టుకుంటే చాలింది."

భర్తకి: "నిన్న బాబుని ట్యూషన్ నుంచి మీరు తీసుకొచ్చారు కాబట్టి నాకు కాసేపు నడుం వాల్చడానికి కుదిరిందండీ."

ఊళ్ళో ఉన్న తమ్ముడికి, అమెరికా నుంచి: "నాన్నని చెకప్‌కి తిప్పేది నువ్వే కాబట్టి నేనిక్కడ నిశ్చింతగా ఉంటున్నాన్రా."

ఇంటి పనిలో సాయం చేసే ఆవిడకి: "పండగ ముందు రోజు కూడా మానకుండా వచ్చావమ్మా, చుట్టాల ముందు నా పరువు నిలబడింది." ఇక్కడ మాటతో సరిపెట్టేయొద్దు. ఆ నెల జీతం చెప్పిన తేదీకి ఇవ్వండి, పండక్కి ఒక రోజు సెలవూ ఇవ్వండి.

చెప్పేటప్పుడు నాలుగు జాగ్రత్తలు:
☐ చివర "కానీ" తగిలించొద్దు. "కూర బాగుంది, కానీ ఉప్పు..." అంటే ఉప్పే గుర్తుంటుంది
☐ వెంటనే ఇంకో పని అడగొద్దు. కాకా పడుతున్నారనుకుంటారు
☐ ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు. ఒకరికి చెప్తే ఇంకొకరు అలుగుతారు
☐ తిరిగి ఏం అంటారోనని ఎదురుచూడొద్దు. "సరేలే, అన్నం తిన్నావా?" అన్నదే చాలా ఇళ్ళలో జవాబు

మొహమాటం ఆపుతుంటే ఒక సంగతి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో కృతజ్ఞతగా ఉత్తరం రాసినవాళ్ళు, అవతలివాళ్ళు ఇబ్బందిపడతారని ఎక్కువగా అంచనా వేశారు, ఎంత సంతోషిస్తారో తక్కువగా అంచనా వేశారు. మనం ఊహించుకునే ఇబ్బందిలో చాలా భాగం మన తలలోనే ఉంటుంది.

రెండు మూడు నెలలకి ఒకసారి పెద్ద ఉత్తరం రాయండి. ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయిన మనిషిని ఎంచుకోండి. పదో తరగతిలో ఫీజు గడువు పెంచిన హెడ్మాస్టరు కావచ్చు, మొదటి ఉద్యోగంలో పని నేర్పిన సీనియర్ కావచ్చు. ఒక పేజీ చాలు. ఆయన చేసిన పని ఒకటి, అది మీ జీవితంలో ఎక్కడ పనికొచ్చింది, ఇప్పుడు మీరెక్కడున్నారు. వీలైతే వెళ్ళి చదివి వినిపించండి. గొంతు పట్టేస్తుందనుకుంటే చేతికిచ్చి, వాళ్ళు చదివేదాకా పక్కన కూర్చోండి. సెలిగ్మన్ 2005 ప్రయోగంలో అన్నిటికన్నా పెద్ద ఊపు దీనివల్లే వచ్చింది. కాకపోతే నెల దాకా నిలిచి, మూడు నెలలకి జారిపోయింది.

6. పగటిపూట రెండు చిన్న పనులు

రాత్రి రాయడానికి పగలు ఏదైనా కంటపడాలి కదా. అందుకోసం ఇవి.

పొద్దున్నే పది నిమిషాలు ఫోన్ లేకుండా బయట నడవండి, వాకిట్లోనో డాబా మీదో అయినా పర్వాలేదు. రోజులో ఒక పూట భోజనంలో మొదటి నాలుగు ముద్దలు టీవీ, ఫోన్ ఆపి తినండి. మొత్తం భోజనం అలా తినాలని పెట్టుకుంటే రెండో రోజే మానేస్తారు.

7. తరచూ జరిగే తప్పులు, సర్దుబాట్లు

పోల్చుకుని రాయడం. "వాళ్ళకన్నా మనం నయం" అన్నది ఊరట అవుతుంది, కృతజ్ఞత కాదు. పైగా ఆ త్రాసు మర్నాడు ఇంకోవైపు మొగ్గుతుంది. ఎవరి పేరుతోనో పోలిక కనిపిస్తే కొట్టేసి, మీ ఇంట్లో జరిగింది రాయండి.

ఋణం లెక్కగా మారడం. "వాళ్ళు ఇంత చేశారు, నేను ఎప్పుడు తీర్చాలి" అని టెన్షన్ మొదలైతే ఆ వాక్యాన్ని ఎడమ పేజీకి మార్చండి. చదివింపుల పుస్తకం ఇంట్లో వేరేగా ఉంటుంది, ఇది అది కాదు.

పిల్లల చేత బలవంతంగా రాయించడం. హోంవర్క్ అయిపోతుంది. అన్నం తినేటప్పుడు "ఇవాళ బళ్ళో నీకు ఎవరు సాయం చేశారురా?" అని అడగండి, ముందు మీది చెప్పండి.

ఒక రోజు తప్పగానే వదిలేయడం. లాలీ పరిశీలనలో ఒక రోజు తప్పడం వల్ల అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. తప్పిన రోజుది ఇప్పుడు గుర్తు చేసుకుని నింపకండి. ఈరోజుదే రాయండి.

అన్యాయాన్ని కప్పిపుచ్చడం. కొట్టే మనిషి గురించో, నెలల తరబడి జీతం ఎగ్గొట్టే యజమాని గురించో మంచి వెతికి రాసుకోవాల్సిన పని లేదు. అది నోట్‌బుక్‌తో తీరే విషయం కాదు, గట్టిగా అడిగి తేల్చుకోవాల్సిన విషయం.

8. ఇది సరిపోని సందర్భం

2021లో 27 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో డిప్రెషన్, ఆందోళన మీద ఇలాంటి కృతజ్ఞత అభ్యాసాల ప్రభావం చిన్నదేనని తేలింది. మామూలు రోజుల్ని కాస్త మెరుగుపరచడానికి ఇది పనికొస్తుంది, చికిత్సకి బదులు కాదు.

రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, నిద్ర లేదా ఆకలి బాగా మారిపోవడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం కనిపిస్తే డాక్టర్ని కలవండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు. ఇప్పుడే చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

9. నెలాఖరున వెనక్కి చదవడం

నెల చివరి ఆదివారం, ఇంట్లో అలికిడి తగ్గిన వేళ, కాఫీ పెట్టుకుని కూర్చోండి. కుడి పేజీలు మాత్రమే చదవండి. ఎడమ పేజీల్లో అప్పటి చికాకులు మళ్ళీ తగులుకుంటాయి, వాటికి ఇంకో రోజు.

చదువుతూ పెన్సిల్‌తో ఇవి చేయండి:
☐ ప్రతి మనిషి పేరు కింద గీత
☐ మీరు చేసిన పని వల్ల జరిగిన వాటికి చుక్క
☐ చదివినా ఏమీ గుర్తురాని వాక్యానికి అడ్డగీత (అలాంటివి ఎక్కువుంటే 2వ మెట్టులోని మూడు ప్రశ్నలు మళ్ళీ చూసుకోండి)

చుక్కలున్న పనుల్లో ఒకదాన్ని వచ్చే నెలకి కావాలని పెట్టుకోండి. కాపడమో, పొద్దున నడకో, స్నేహితురాలికి ఫోనో.

తర్వాత గీతలు లెక్కపెట్టండి. నాకు మొదటి నెలలో ఎక్కువసార్లు వచ్చిన పేరు అమ్మదీ, ఆయనదీ కాదు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది. ఏడుసార్లు ఉంది, ఆయనతో ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడలేదు. మీకూ అలా ఎవరి పేరైనా తేలితే, నోట్‌బుక్ మూసి 5వ మెట్టుకి వెళ్ళండి.